నక్షత్రాలు లెక్కపెట్టి కొనండి!

ఇంట్లో ఫ్రిజ్జుకైనా, పొలంలో పంపుకైనా కరెంటు లేబుల్ చదవడం తెలిస్తే ఖర్చు తగ్గుతుంది, నీళ్లు పెరుగుతాయి

రైతు సోదరులారా, ముందుగా నా తెలివితక్కువ పని ఒకటి చెబుతాను.

2023 ఎండాకాలంలో మా ఇంట్లో ఫ్రిజ్జు కావాలని పట్టుబట్టారు. పాలు విరిగిపోతున్నాయి, దోసెల పిండి పూటకే పులిసిపోతోంది. సరేనని తిరుపతికి పోయాను. పాత సామాను అమ్మే ఒక అంగడిలో రూ.4,500కు పెద్ద ఫ్రిజ్జు దొరికింది. కొత్తదైతే రూ.15 వేల పైమాటే. పదివేలు మిగిలాయని సంబరపడి, ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

నెల తిరిగేసరికి కరెంటు బిల్లు వచ్చింది. అంతకు ముందు నెలకు 110 యూనిట్లు కాలేది. ఆ నెల 165 అయింది. మీటరు చెడిపోయిందనుకున్నాను. లైన్‌మన్‌ను పిలిచి చూపించాను. ఆయన మీటరు వైపు చూడనేలేదు. నేరుగా ఇంట్లోకి వచ్చి ఫ్రిజ్జు తలుపు తెరిచాడు, మూశాడు. తలుపు రబ్బరు ఎండిపోయి చీలి ఉంది. వెనక మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంది. "మీటరు బాగానే ఉందన్నా, తినేది ఇదీ" అన్నాడు.

కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఇళ్ల స్లాబు రేట్లు ఇవి. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, తర్వాత 75 వరకు రూ.3, ఆపైన 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, అది దాటితే రూ.9.75. ఈ లెక్కన 110 యూనిట్లకు సుమారు రూ.350. 165 యూనిట్లకు రూ.657. ఇతర చార్జీలు వేరే. అంటే ఆ ఫ్రిజ్జు నెలకు రూ.307 తింటోంది. ఏడాదికి దాదాపు రూ.3,700. మూడేళ్లు అట్లాగే వాడితే రూ.11 వేలు. నాలుగున్నర వేలకు కొన్న సామాను పదకొండు వేలు మింగుతుందన్న మాట!

అదే కొత్త ఫ్రిజ్జు మీద లేబుల్ 'ఏడాదికి 130 యూనిట్లు' అని ఉందనుకోండి. నెలకు 11 యూనిట్లు. నా బిల్లులో పెరిగేది నెలకు యాభై రూపాయలు. నేను మిగిల్చాననుకున్న సొమ్ము మూడున్నర ఏళ్లలో కరెంటు బిల్లులోనే పోతుంది. కొత్త ఫ్రిజ్జు ఆ తర్వాత ఇంకో పదేళ్లు నడుస్తుంది.

వేరుశనగ విత్తనం కొనేటప్పుడు కాయ ఒలిచి, గింజ కొరికి చూస్తాం. ఆవును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, పాలు పితికి చూస్తాం. ఫ్రిజ్జు కొనేటప్పుడు మాత్రం రంగు చూసి కొంటాం. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఈ నక్షత్రాల లేబుల్ ఎక్కడిది?

అంగట్లో ఫ్రిజ్జు, ఏసీ, ఫ్యాన్ల మీద నక్షత్రాలున్న లేబుల్ చూసే ఉంటారు. అది కంపెనీవాళ్లు అందానికి అంటించిన బొమ్మ కాదు. దాని వెనక చట్టం ఉంది. పార్లమెంటు 2001లో ఇంధన పొదుపు చట్టం చేసింది. దాని కింద 2002 మార్చిలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. పొట్టిగా బీఈఈ అంటారు. ఈ సంస్థే 2006లో నక్షత్రాల లేబుల్‌ను మొదలుపెట్టింది.

మొదట ఇష్టమున్న కంపెనీలే లేబుల్ వేసుకునేవి. 2010 జనవరి నుంచి ఏసీలు, మంచు పేరుకోని రకం ఫ్రిజ్జులు, ట్యూబ్‌లైట్లు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు ఈ నాలుగింటికీ లేబుల్ తప్పనిసరి చేశారు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఆ జాబితాలో ఉందని గమనించండి. తర్వాత ఒక్కొక్కటిగా మామూలు ఫ్రిజ్జులు, నీళ్లు కాచే గీజర్లు, ఎల్‌ఈడీ బల్బులు చేరాయి. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది.

ఇది మన దేశంలోనే పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో 1980లోనే ఇంటి సామాన్లకు ఇలాంటి లేబుల్ వచ్చింది. ఐరోపా దేశాలు 1992లో చట్టం చేశాయి. అక్కడ నక్షత్రాల బదులు ఏ, బీ, సీ అని అక్షరాలు వేస్తారు. కొన్నాళ్లకు సామాన్లన్నీ 'ఏ' తరగతిలోకి వచ్చేశాయి. దాంతో ఏ ప్లస్, ఏ ప్లస్ ప్లస్ అంటూ కొత్త తరగతులు పెట్టుకుంటూ పోయారు. జనానికి ఏది మంచిదో తెలియకుండా పోయింది. చివరికి 2021 మార్చిలో ప్లస్‌లన్నీ తీసేసి మళ్లీ ఏ నుంచి జీ వరకు కొత్తగా కొలత పెట్టారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర కూడా కొలత మారుతూ ఉంటుంది. అది తెలియకపోతే మోసపోతాం.

లేబుల్ ఎట్లా చదవాలి?

మొదట నక్షత్రాలు చూడండి. ఒకటి నుంచి ఐదు దాకా ఉంటాయి. నిండుగా రంగున్నవే లెక్క. ఎక్కువ ఉంటే తక్కువ కరెంటు తింటుంది.

రెండోది ముఖ్యం. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో అంకె వేసి ఉంటుంది. నక్షత్రాలకన్నా ఆ అంకెనే నమ్మండి. ఎందుకంటే నక్షత్రాలు ఆ సైజు సామాన్ల మధ్య పోలిక మాత్రమే. పెద్ద ఫ్రిజ్జుకు ఐదు నక్షత్రాలున్నా, మూడు నక్షత్రాల చిన్న ఫ్రిజ్జుకన్నా అది ఎక్కువ కరెంటు కాల్చవచ్చు. నలుగురున్న ఇంటికి పెద్ద ఫ్రిజ్జు ఎందుకో ముందు ఆలోచించండి.

మూడోది, లేబుల్ మీద ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో ఉంటుంది. బీఈఈ కొన్నేళ్లకొకసారి కొలత బిగిస్తుంది. ఫ్రిజ్జుల కొలత 2023 జనవరిలో అట్లా మారింది. పాత కొలతలో ఐదు నక్షత్రాలు వచ్చిన మోడల్‌కు కొత్త కొలతలో అన్ని రాకపోవచ్చు. అంగట్లో ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన పాత సరుకును "ఫైవ్ స్టార్ సార్, తగ్గించి ఇస్తాం" అంటే, ముందు లేబుల్ మీద సంవత్సరం చూడండి.

నాలుగోది, కంపెనీ పేరు, మోడల్ నంబరు. లేబుల్ మీద ఉన్న నంబరు, సామాను వెనక పలక మీద ఉన్న నంబరు ఒకటేనా చూసుకోండి. అనుమానం వస్తే బీఈఈ వాళ్లది 'బీఈఈ స్టార్ లేబుల్' అనే సెల్‌ఫోన్ యాప్ ఉంది. చదువుకునే పిల్లలుంటే వాళ్ల చేత ఆ మోడల్ వెతికించండి. లేబుల్ మీద ఒకటి, యాప్‌లో ఒకటి ఉంటే ఆ సరుకు తీసుకోవద్దు. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లు మాత్రం తప్పక తీసుకోండి. బిల్లు లేకపోతే మీ మాట ఎవరూ వినరు.

ఇంకొకటి. చాలామంది ఐఎస్‌ఐ ముద్ర, నక్షత్రాల లేబుల్ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. ఐఎస్‌ఐ ముద్ర నాణ్యతకు, భద్రతకు. నక్షత్రాలు కరెంటు వాడకానికి. రెండూ ఉండాలి.

ఫ్యాను లెక్క

పాతకాలపు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. ఇప్పుడు ఐదు నక్షత్రాలతో వస్తున్న కొత్తరకం మోటారు ఫ్యాన్లు 30 వాట్ల దగ్గర నడుస్తున్నాయి. అదే 12 గంటలకు నెలకు 11 యూనిట్లు చాలు. ఒక్క ఫ్యాను మీద నెలకు 16 యూనిట్లు మిగులుతాయి.

మరి ఎంత డబ్బు మిగులుతుంది? అది మీ స్లాబును బట్టి ఉంటుంది. మీ ఇంటి వాడకం 75 యూనిట్ల లోపే ఉంటే నెలకు రూ.48. వాడకం 100 దాటి ఉంటే ఆ 16 యూనిట్లు రూ.4.50 స్లాబులోంచి తగ్గుతాయి కాబట్టి రూ.72. రూ.6 స్లాబులో ఉన్నవాళ్లకు రూ.96. మనకు చలికాలం పోను ఏడాదిలో తొమ్మిది నెలలు ఫ్యాను తిరుగుతుందనుకుంటే, మధ్య స్లాబువాళ్లకు ఏడాదికి దాదాపు రూ.650 మిగులు. మామూలు ఫ్యానుకన్నా దీని ధర రూ.1,300 ఎక్కువైతే రెండేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. చిన్న వాడకం ఇంటికి మూడేళ్లు పడుతుంది.

అందువల్ల ఉన్న ఫ్యాన్లన్నీ పీకేసి కొత్తవి బిగించమని చెప్పడం లేదు. రాత్రంతా తిరిగే పడకింటి ఫ్యాను మొదట మార్చండి. చుట్టాలొచ్చినప్పుడు గంటసేపు తిరిగే ఫ్యానుకు నక్షత్రాలు ఎన్నున్నా ఒకటే.

బల్బుల సంగతి చాలామందికి తెలిసిందే. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం తర్వాత పల్లెల్లోనూ ఎల్‌ఈడీ బల్బులు వెలిగాయి. అయినా పశువుల కొట్టంలో, పెరట్లో, బోరు షెడ్డులో ఇంకా 60 వాట్ల గుండు బల్బు వేలాడుతున్న ఇళ్లున్నాయి. రోజుకు ఐదు గంటలు వెలిగితే అది నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ అయితే ఒకటిన్నర యూనిటు కూడా కాదు. కొట్టంలో రాత్రంతా లైటు వేసి ఉంచే పాడి రైతులు ఈ లెక్క తప్పక చూసుకోవాలి.

పొలంలో కరెంటు ఉచితం, గంటలు ఉచితం కాదు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. "ఇంట్లో సరే, పొలంలో కరెంటు ఉచితం కదా. మోటారు ఎంత తింటే మాకేం?" అని మీరు అడగవచ్చు. మన రాష్ట్రంలో 2004 మే నెలలో ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పడినప్పటి నుంచి ఈ ప్రశ్న ఉంది.

సమాధానం చెబుతాను. కరెంటు ఉచితమే కానీ అది వచ్చే గంటలకు హద్దుంది. త్రీఫేజ్ ఇచ్చేది తొమ్మిది గంటలు. ఆ గంటల్లో మీ మోటారు ఎన్ని నీళ్లు తోడితే అన్నే మీ పంటకు. చెడ్డ పంపు దండగ చేసేది సర్కారు కరెంటు ఒక్కటే కాదు, మీ గంటలు కూడా.

లెక్క చూడండి. నీళ్లు 330 అడుగుల లోతు నుంచి పైకి రావాలనుకుందాం. ఒక యూనిటు కరెంటులో ఉన్న శక్తి అంతా నీళ్లు ఎత్తడానికే పనికొస్తే 3,600 లీటర్లకు పైగా రావాలి. ఏ పంపూ అంత తేలేదు. మోటారు వేడిలో కొంత, పంపు లోపల రాపిడికి కొంత, పైపుల్లో కొంత పోతుంది. అరిగిపోయి, రెండు మూడుసార్లు వైండింగ్ చేయించిన మోటారు సామర్థ్యం 30 శాతం అనుకుంటే యూనిటుకు 1,100 లీటర్లు వస్తాయి. 45 శాతం సామర్థ్యమున్న మంచి పంపుసెట్టు 1,650 లీటర్లు తెస్తుంది.

గంటకు నాలుగు యూనిట్లు కాలే మోటారు తొమ్మిది గంటలు నడిస్తే 36 యూనిట్లు. చెడ్డ పంపు ఆ రోజుకు 39,600 లీటర్లు పోస్తుంది. మంచి పంపు 59,400 లీటర్లు పోస్తుంది. ఎండాకాలంలో డ్రిప్పు మీద ఎకరా టమాటాకు రోజుకు 20 వేల లీటర్లు కావాలనుకుంటే, చెడ్డ పంపు కింద రెండెకరాలు, మంచి పంపు కింద మూడెకరాలు తడుస్తాయి. ఒక ఎకరా తేడా! బోరులో నీళ్లుంటేనే సుమా. బోరులోనే నీళ్లు లేకపోతే ఎన్ని నక్షత్రాల పంపు దించినా లాభం లేదు. అలాంటి బోరుకు చిన్న పంపే మేలు. పెద్దది దించితే పది నిమిషాలకే గాలి లాగి కాలిపోతుంది.

మీ పంపు ఎట్లా ఉందో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టండి. చేతి గడియారం చూడండి. పై లెక్కలోని చెడ్డ పంపుకు డ్రమ్ము నిండడానికి రెండు నిమిషాల ముప్పావు పడుతుంది. మంచి పంపు రెండు నిమిషాల లోపే నింపుతుంది. కొత్త పంపు దించిన రోజే ఈ కొలత రాసి పెట్టుకోండి. ఏటా అదే నెలలో కొలవండి. నీటిమట్టం దిగకపోయినా డ్రమ్ము నిండే సమయం పెరుగుతుంటే పంపు అరుగుతోందని అర్థం.

ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలుతోంది?

పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు వెయ్యి అడుగులకు దిగిన బోర్లున్నాయి. లోతు పెరిగేకొద్దీ స్టేజీలు పెంచి, పేరుకు ఐదు హెచ్‌పీ అని రాసి ఉన్న మోటారును దించుతారు. అది నిజానికి ఏడున్నర హెచ్‌పీ కరెంటు లాగుతుంటుంది. తక్కువ ధరకు దొరికే ముద్ర లేని పంపుల్లో ఇది మామూలే.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద నలుగురు రైతులున్నారనుకోండి. ఒక్కో ఐదు హెచ్‌పీ మోటారు ఆరు కేవీఏ తీసుకుంటే నలుగురికీ కలిపి 24. సరిపోతుంది. కానీ నలుగురి మోటార్లూ తొమ్మిది చొప్పున లాగితే 36 అవుతుంది. ఓల్టేజీ పడిపోతుంది. ఓల్టేజీ పడితే మోటారు ఇంకా ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. మోటారు కాలుతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. కొత్తది వచ్చేదాకా నలుగురి పైర్లూ ఎండుతాయి. తప్పు ఒకరిది కావచ్చు, నష్టం నలుగురిది. దీనికి తోడు ఆటోమేటిక్ స్టార్టర్లు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారిగా లేస్తాయి. ఆ దెబ్బకు ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు పోయాయో లైన్‌మన్లను అడగండి.

ఉచిత విద్యుత్ ఇచ్చినప్పుడే రైతులకు నాలుగు షరతులు పెట్టారు. మోటారుకు తగిన కెపాసిటర్, రాపిడి లేని ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు, ఐఎస్‌ఐ ముద్ర ఉన్న పంపుసెట్టు. కాగితం మీద అందరూ ఒప్పుకున్నారు. మన స్టార్టరు పెట్టెలు తెరిచి చూస్తే ఎన్నింటిలో కెపాసిటర్ ఉంది? మూడు హెచ్‌పీకి ఒక కేవీఏఆర్, ఐదు హెచ్‌పీకి రెండు, ఏడున్నరకు మూడు, పదికి నాలుగు కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టాలి. దాని ఖర్చు ఒకసారి వైండింగ్‌కు అయ్యే ఖర్చులో చిన్న భాగం. లైను మీద బరువు తగ్గి ఓల్టేజీ నిలబడుతుంది. ఒక్కరు పెడితే కొంచెం ఫలితం. ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరూ పెడితే అందరి మోటార్లూ బతుకుతాయి.

పంపు కొనేటప్పుడు

పంపుసెట్లకు కూడా బీఈఈ నక్షత్రాలున్నాయి. ఫ్రిజ్జులా తప్పనిసరిగా కాక, ఇష్టమున్న కంపెనీలు వేసుకునే పద్ధతిలో ఈ లేబుల్ మొదలైంది. అందుకే నక్షత్రాలు లేని పంపులు అంగళ్లలో కనిపిస్తాయి. అడిగితేనే చూపిస్తారు. ఐఎస్‌ఐ ప్రమాణం కోరే కనీస సామర్థ్యానికి సమానమైతే ఒక నక్షత్రం, దానికన్నా 20 శాతం ఆపైన మెరుగైతే ఐదు నక్షత్రాలు.

2016 ఏప్రిల్‌లో విజయవాడలో కేంద్రం ఒక జాతీయ పథకం ప్రారంభించింది. రైతుల పాత పంపులు తీసుకుని, సెల్‌ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే ప్యానెల్ బోర్డుతో సహా ఐదు నక్షత్రాల పంపులు ఉచితంగా బిగించాలన్నది దాని ఉద్దేశం. అలాంటి పథకం మళ్లీ మీ ఊరికి వస్తే వదులుకోవద్దు. రాకపోతే, మీ పంపు ఎట్లాగూ మార్చాల్సి వచ్చిన రోజున ఈ ఐదు సంగతులు మరవద్దు.

1. అంగడికి పోయే ముందు బోరు లోతు, నీటిమట్టం, బోరు ఇచ్చే నీళ్లు కాగితం మీద రాసుకోండి. పక్క పొలం వాళ్లు దించిన పంపే మీ బోరుకూ సరిపోతుందనుకోవద్దు.

2. పంపు పలక మీద ఎంత ఎత్తుకు నిమిషానికి ఎన్ని లీటర్లు తోడుతుందో ఉంటుంది. మీ లోతుకు దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. వెయ్యి అడుగులకు చేసిన పంపును నాలుగు వందల అడుగుల నీటికి దించితే, నక్షత్రాలున్నా కరెంటు దండగే.

3. ఐఎస్‌ఐ ముద్ర, నక్షత్రాల లేబుల్ రెండూ అడగండి. బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండి.

4. పైపు సన్నం చేయొద్దు. మంచి పంపుకు సన్న పైపు తగిలిస్తే పాడి ఆవు మూతికి చిక్కం కట్టినట్టే.

5. వైండింగ్ చేయించేటప్పుడు దగ్గర కూర్చోండి. అంతకుముందున్న గేజి రాగి తీగే వేయమనండి. సన్న తీగ వేస్తే మోటారు తిరుగుతుంది గానీ వేడెక్కుతుంది, మళ్లీ ఆరు నెలలకే కాలుతుంది. రెండు మూడు వైండింగ్‌లకు పోసిన డబ్బు కూడబెడితే కొత్త పంపు వస్తుంది.

ఓల్టేజీ సమస్య, ట్రాన్స్‌ఫార్మర్ మీద అధిక లోడు ఉంటే తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వారికి 1912 నంబరులో చెప్పవచ్చు. ఒక్కరుగా కాకుండా ట్రాన్స్‌ఫార్మర్ కింద రైతులంతా కలిసి అర్జీ రాసి ఇవ్వండి. మీ మోటార్ల అసలు హెచ్‌పీ దాచొద్దు. దాస్తే వాళ్లు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఆ దొంగ లెక్కకే సరిపోయేది వస్తుంది.

చివరగా, ఆ పాత ఫ్రిజ్జు ఏమైందని అడుగుతారేమో. ఆరు నెలలు చూసి పాత ఇనుము వాడికి తూకానికి వేశాను. ఇంకెవరికీ అమ్మలేదు. అమ్మితే ఆ బిల్లు ఇంకో ఇంటికి పోయేది. దాని బదులు కొత్త ఫ్రిజ్జు కొన్నప్పుడు మా ఇంటామె అంగట్లో రంగు అడగలేదు. "ఏడాదికి ఎన్ని యూనిట్లు?" అని అడిగింది. అంగడాయన కళ్లజోడు సర్దుకుని, లేబుల్ దగ్గరికి వంగి చదివి చెప్పాడు.

మీరు కూడా అడగండి. పదిమంది అడిగితే పదకొండో వాడికి అంగడాయనే ముందు చెబుతాడు.